హెల్మెట్ లోపలి ప్యాడింగ్‌ను తెలుగులో ఏమందాం?

రోడ్డు భద్రత మీద కరపత్రం రాస్తున్న సోదరి నిన్న ఇక్కడ ఈ ప్రశ్న అడిగారు. జవాబుల్లో ఎక్కువమంది "రక్షణ కవచం" అన్నారు, ఒకరు "ఆఘాత నిరోధకం" అన్నారు. ఆ రెండూ ఆమెకు పనికిరావని నా అభిప్రాయం. కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈమధ్య పేపర్లలో మాస్కు, టీకా, కరకట్ట, ఎయిర్‌బ్యాగ్ అన్నీ కవచాలే అయిపోయాయి.

కవచం ఒంటికి తొడిగేది, ఆయుధాన్ని లోపలికి రానివ్వనిది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం దాన్ని తనుత్రం, వర్మ, దంశనం వరసలో పెట్టింది. (పేర్ల చివర వచ్చే వర్మ ఇదే.) అచ్చతెలుగులో మైమఱువు, అంటే ఒంటికి చాటు. తలకు పెట్టుకునేది బొమిడికం. ఇవన్నీ గట్టి సరుకు. బాణం తగిలినా కత్తి తగిలినా లొంగకూడదు.

హెల్మెట్‌లో ఆ పని చేసేది పై డొప్ప. దాని కింద బొటనవేలి మందాన థర్మాకోల్ పొర ఉంటుంది. లోపలి గుడ్డ ఊడదీసి చూడండి, తెల్లగానో నల్లగానో కనబడుతుంది. గోటితో గట్టిగా నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. తల వెళ్లి రోడ్డుకు కొట్టుకున్నప్పుడు ఆ ఊపును మింగేది ముఖ్యంగా ఈ పొరే. తాను నలుగుతూ, తల ఒక్కసారిగా ఆగిపోకుండా రవ్వంత వ్యవధి ఇస్తుంది. నలిగింది మళ్లీ లేవదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి శుభ్రంగా కనబడినా మార్చేయమంటారు. ఇక తలను ఆనుకుని ఉండే స్పాంజి, గుడ్డ ఉన్నాయే, అవి హెల్మెట్ తలకు సరిగ్గా అమరడానికి, ఒరుసుకోకుండా ఉండడానికి.

అంటే ప్యాడింగ్ అనే ఒక్క మాట కింద రెండు వేరువేరు వస్తువులు దాక్కున్నాయి. రెంటినీ కలిపి కవచం అనేస్తే, చదివినవాడు "డొప్ప పగల్లేదు కదా" అనుకుని అదే పెట్టుకుని తిరుగుతాడు. కరపత్రంలో మాట తప్పితే నష్టం వాడి తలకి.

మన పనివాళ్ల మాటలు ఈ తేడాను బాగా పట్టుకున్నాయి. రోకలి పొన్నునే చూడండి. కర్ర చివర చీలకుండా బిగించిన ఇనప కట్టు అది. ప్రతి పోటూ తనే తిని, ఏళ్ల తరబడి అరుగుతుంది. అరిగిపోతే కొత్త పొన్ను వేయిస్తారు, రోకలి మాత్రం అదే. ఎద్దు గిట్టకు కొట్టే లాడం సంగతీ ఇంతే. లారీ మెకానిక్కులు కమాన్ కట్టలంటారు. ఉర్దూ కమాన్ అంటే విల్లు. ఆ పట్టీలు గోతిలో వంగుతాయి, గోతి దాటాక మళ్లీ లేస్తాయి. "గంతకు తగ్గ బొంత" అని రోజూ అనే సామెతలో కూడా, గంత పశువు వీపున సరుకు వేయడానికి కట్టేది, బొంత ఆ వీపు ఒరుసుకుపోకుండా కింద వేసేది. ఇప్పుడు దాన్ని పెళ్లి సంబంధాలకే వాడుతున్నాం.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన మాట చుట్టకుదురు. తెలంగాణలో సుట్టబట్ట. పాత చీర ముక్కను మెలితిప్పి గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుంటే, బిందె బరువు నడినెత్తిన ఒక్కచోట గుచ్చుకోకుండా చుట్టూ పరుచుకుంటుంది. అడుగు గుండ్రంగా ఉన్న కుండ కూడా అటూ ఇటూ దొర్లదు. మెత్తదనం ఎటూ ఉంది, కానీ పేరు పెట్టినవాళ్లు చూసింది కుదురును.

సంస్కృతంలోనూ ఇలాంటి చూపు లేకపోలేదు. విశ్వామిత్రుడి వెంట వెళ్లే రామలక్ష్మణులను వాల్మీకి "బద్ధగోధాంగుళిత్రాణౌ" అన్నాడు. గోధ అంటే ఉడుము. బాణం వదిలాక అల్లెతాడు వెనక్కి వచ్చి ముంజేతిని చరుస్తుంది కాబట్టి అక్కడ ఉడుము తోలు పట్టీ, దాని పేరూ గోధే; వేళ్లకు తొడుగు, అది అంగుళిత్రాణం. అమరకోశం ఆ పట్టీకి ఇచ్చిన అర్థం జ్యాఘాతవారణం, అల్లెతాటి దెబ్బను తప్పించేది అని. ఏ దెబ్బో మాటలోనే చెప్పేశారు. "ఆఘాత నిరోధకం"లో లేనిది అదే. ఏ ఆఘాతం? నిరోధించడం ఎలా, ఆపా, అణిగా, నలిగా?

నా సూచన ఇది. పైది డొప్ప, మధ్యది నలిగే పొర, తలను ఆనుకునేది మెత్త. తెలంగాణలో దిండును మెత్త అనే అంటారు, అణిగి లేచే వస్తువుకు అంతకన్నా మంచి మాట నాకు కనబడలేదు.

*

"మాస్టారూ, మా గోదావరి వైపు మెత్తళ్లంటే చేపలు. హెల్మెట్‌లో మెత్త అంటే నవ్వుతారేమో?"

నవ్వరమ్మా. మెత్తళ్లు ఎప్పుడూ బహువచనంలోనే వింటాం, పైగా "లోపలి మెత్త" అన్నాక అయోమయం ఉండదు. అయినా సందేహమనిపిస్తే "మెత్తటి గుడ్డ" అనండి, చాలు. ఎవరికీ తేడా రాకూడని మాట నలిగే పొర. కరపత్రంలో ఆ భాగం ఇలా రాసుకోవచ్చు:

"గట్టి దెబ్బ తగిలితే హెల్మెట్ లోపలి పొర నలిగిపోతుంది. అది మళ్లీ లేవదు. డొప్ప బాగానే ఉన్నా కొత్త హెల్మెట్ కొనుక్కోండి."

హెల్మెట్, ఎయిర్‌బ్యాగ్ రెంటినీ అలాగే ఉంచండి, ఊళ్లో అందరూ అనేది అదే. స్ట్రాప్‌ను మాత్రం "గడ్డం పట్టీ" అనండి, బిగించుకోవాలని పక్కనే రాయండి. పట్టీ వదులుగా ఉంటే పడేటప్పుడు హెల్మెట్ ఊడి ఒకవైపు, మనిషి ఒకవైపు పడతారు.