దీపావళి హాలు బ్యాలెన్స్: గురువారం సాయంత్రం 5 లోపు

రమణ, సోమవారం రాత్రి 9:10
హాలు వాళ్ల మెయిల్ వచ్చింది. మిగతా 2,600 డాలర్లు గురువారం సాయంత్రం 5 లోపు కట్టకపోతే ఆ తేదీ వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. చేతిలో ఉన్నది 1,150. భోజనాలకి పక్కన పెట్టిన 1,500 ముట్టుకోకూడదు. మిగతా పనులు: స్టేజి బ్యాక్‌డ్రాప్, పిల్లల డాన్సుల వరుస, టీషర్టులు, భోజనం ఆర్డరు, వేలంలో పెట్టమని ఒక ఆంటీ ఇచ్చిన తివాచీకి మొదటి పాట ఎంతో తేల్చడం. తివాచీ మీద 4,000 వస్తాయని బడ్జెట్‌లో రాసుకున్నాం కదా. ఎవరైనా ముందే కొనేస్తే ఈ గండం గట్టెక్కుతుంది.

కిరణ్, 9:24
ఆంటీ ఇచ్చినప్పుడు దానికి కట్టి ఉన్న చీటీ ఫొటో పెట్టాను. "ఇస్ఫహాన్, సిల్క్, 9,000" అని ఉంది. మా ఆఫీసులో ఒకాయన 4,000 అయితే చూస్తానన్నాడు. ఖాయం చేసెయ్యనా?

పద్మ, 9:51
ఆగు కిరణ్, ఎవరికీ మాటివ్వకు. చీటీ ఎవరైనా కట్టొచ్చు. తివాచీ తిరగేసి వెనక వైపు ఫొటో పంపు, స్కేలు పక్కన పెట్టి బాగా దగ్గరగా. కుచ్చులు మొదలయ్యే చోటుది ఇంకొకటి.

పద్మ, 10:58
ఫొటోలు చూశాను. ఇది చేత్తో నేసిందే, అందులో అనుమానం లేదు. కుచ్చులు తర్వాత కుట్టినవి కావు, పడుగు దారాలే, అంటే నేతలో నిలువుగా ఉండే పోగులే, బయటికి వచ్చాయి. వెనక కూడా పువ్వులు ముందున్నంత స్పష్టంగా ఉన్నాయి. వరుసలు అక్కడక్కడా కాస్త వంకర పోయాయి, అది మనిషి చెయ్యి.

కానీ చీటీలో ఉన్నట్టు ఇరాన్‌లోని ఇస్ఫహాన్ ఊరి నేత కాదు. అంగుళానికి అడ్డంగా 9 ముడులు, నిలువునా 9. చదరపు అంగుళానికి 81. మంచి ఇస్ఫహాన్ పనిలో ఇది వందల్లో ఉంటుంది. పైగా ముడుల వరుసకీ వరుసకీ మధ్య అడ్డంగా వెళ్లే పేక పోగు ఒకటే నడిచింది. అందుకే వెనక తెల్లటి చుక్కలు కనబడుతున్నాయి. నూలు పడుగు, ఒంటి పేక, ఇంత లావు ముడి కలిసి కనిపిస్తే ఇరాన్‌లోనే హమదాన్ చుట్టుపక్కల పల్లెల నేత అనుకోవాలి. సిల్క్ కూడా కాదనిపిస్తోంది.

కిరణ్, 11:20
అక్కా, ఇప్పుడే అంచున ఒక పోగు లాగి కాల్చి చూశా. వెంట్రుక కాలిన వాసన. అంటే అసలైన సిల్కే కదా?

పద్మ, 11:26
పట్టు కాల్చినా అదే వాసన, ఉన్ని కాల్చినా అదే వాసన. నైలాన్, పాలిస్టర్ లాంటివి అయితే కరిగి ముద్ద కడతాయి, విస్కోస్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది. కాల్చి చూస్తే అంతవరకే తెలుస్తుంది.

సుజాత, 11:31
ఎవరిని అడిగి దారం పీకావు కిరణ్? అది ఆంటీ ఎంత ఇష్టంగా ఇచ్చారో తెలుసా? ఇంకో మాట పద్మా, ఫోన్లో ఫొటో చూసి అంత గట్టిగా ఎలా చెప్తావు? 9,000కి రసీదు ఇస్తామని ఆంటీకి నేను మాటిచ్చాను. ఇప్పుడు ఏ మొహంతో మాట్లాడాలి?

రమణ, 11:40
రసీదులో ధర మనం రాయకూడదు సుజాతా. ఏ వస్తువు, ఏ రోజు ఇచ్చారు, అంతే. ధర కట్టుకోవాల్సింది ఇచ్చినవాళ్లు. ఇక్కడ అమెరికాలో పన్ను మినహాయింపు 5,000 డాలర్లు దాటితే అర్హత ఉన్న వాల్యుయర్ (ధర కట్టే నిపుణుడు) రిపోర్టు కావాలి. ఇది నన్నడిగి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ణి.

కిరణ్, 11:44
వెంట్రుకంత పోగు వదినా. 4,000 అని రాసినప్పుడు ఎవరూ తివాచీ తిరగేసి కూడా చూడలేదు. టెన్షన్ అంతా ఇప్పుడు నా మీదేనా?

రమణ, 11:52
ఆ అంకె రాసింది నేను. ఎవరో ఒకరు రాయాలి కదా, రాశాను. ఇక రేపు మాట్లాడుకుందాం.

పద్మ, మంగళవారం సాయంత్రం 7:30
కిరణ్ వాళ్లింటికెళ్లి చేత్తో పట్టుకుని చూశాను. సుజాతా, నువ్వడిగింది న్యాయమే. మా తాతగారు ఏలూరులో తివాచీ మగ్గం మీద పనిచేశారు. ఆ నేత మనకు పర్షియా నుంచి వచ్చినవాళ్లు నేర్పిందేనని చెప్పేవారు. నాకు తెలిసింది ఆయన దగ్గర చూసిందే.

పైనున్నది ఉన్నే. మడిచి చూస్తే చిటపట చప్పుడు రాలేదు, లోపల నూలు గట్టిగానే ఉంది. నీలం రెండు ఛాయల్లో ఉంది. వేరే అద్దకం ఉన్ని వాడినప్పుడు అలా వస్తుంది, అది లోపం కాదు, నాకైతే అదే అందం. తడి తెల్లగుడ్డతో అద్దితే కాస్త ఎరుపు అంటింది. ఒక మూల అరచెయ్యంత మేర పురుగు తినేసింది. ఈ రెంటికీ ధర పడుతుంది. పాత తివాచీల కొట్టాయనకి చూపించాను. హమదాన్ అనే అన్నాడు. కొంటే 400 ఇస్తాడట, తను అమ్మేది 1,100 దాకా. ఇన్సూరెన్స్ కోసం రాసే విలువ ఇంకా ఎక్కువుంటుంది, అది చూసి మోసపోవద్దన్నాడు. అమెరికాలోకి ఇరాన్ తివాచీల దిగుమతి మీద 2018 నుంచి మళ్లీ నిషేధం ఉంది కాబట్టి, ఎప్పుడు కొన్నారో తెలిపే రసీదు ఉంటే దాచమన్నాడు.

సుజాత, 9:05
ఆంటీతో మాట్లాడాను. 2014లో ఇక్కడే ఎస్టేట్ సేల్‌లో, అంటే ఎవరింట్లోనో సామాన్లన్నీ అమ్మేస్తుంటే, 300కి కొన్నారట. చీటీ అప్పటికే ఉందట. కొన్నప్పటి రసీదు ఇస్తారు. "పాటకచేరి పిల్లలు కూర్చోడానికైనా పనికొస్తుందని ఇచ్చానమ్మా" అన్నారు. కిరణ్, నిన్న గట్టిగా అనేశాను. ఏమనుకోకు.

కిరణ్, 9:12
అయ్యో వదినా. అడగకుండా పీకడం నా తప్పే.

రమణ, బుధవారం ఉదయం 7:15
రాత్రంతా ఆలోచించాను. భోజనాలకి పెట్టిన 1,500 హాలుకి కట్టేద్దామా? ఇంటి వంట తెచ్చుకోవచ్చని హాలు వాళ్లు ఒప్పుకున్నారు.

సుజాత, 7:22
కట్టెయ్యండి అన్నయ్యా. 60 మందికి పులిహోర నాది.

పద్మ, 7:40
పప్పుచారు, వంకాయ కూర నేను చేస్తా.

కిరణ్, గురువారం మధ్యాహ్నం 1:05
పాత చీటీ తీసేశా. కొత్తది: "హమదాన్ ప్రాంతం, ఉన్ని, చేతి నేత. ఒక మూల పురుగు తిన్నది, ఎరుపు కొద్దిగా దిగుతుంది. మొదటి పాట 350." ఆఫీసాయనకి అదే పంపా. అయినా వచ్చి చూస్తానన్నాడు. వేలం అయ్యేదాకా స్టేజి మీద పాటకచేరి పిల్లల కింద పరుద్దాం, ఆంటీ కూడా చూస్తారు.

రమణ, 3:40
హాలుకి కట్టేశాను. 50 మిగిలాయి. పెరుగన్నం ఎవరు?