నాన్న రికార్డింగ్ సెంటర్ టేపులు 140 ఉన్నాయి. ‘సుయ్‌’మనే శబ్దం తీసేయాలా, ఉంచాలా?

తణుకు_టేపు:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకోండి.

మా నాన్నకి తణుకులో బస్టాండు వెనక సందులో పాటల రికార్డింగ్ సెంటర్ ఉండేది. 1984 నుంచి 2001 దాకా. ఇప్పటి పిల్లలకి ఆ వ్యాపారం ఏమిటో చెప్పినా నమ్మరు. జనం తెల్లకాగితం మీద పాటల జాబితా రాసుకుని వచ్చేవారు. సగం మందికి పాట పేరు తెలీదు, “అదేనండీ, పడవలో పాడతారు, ఆవిడ ఎర్ర చీరలో ఉంటుంది” అనేవారు. నాన్నకి అది చాలు. ఎల్పీ రికార్డుల్లోంచో మాస్టర్ టేపుల్లోంచో తీసి ఖాళీ క్యాసెట్ మీదకి ఎక్కించి ఇచ్చేవాడు.

సీ-60 అయితే ఒక్కో పక్క అరగంట, అంటే ఇంచుమించు ఏడు పాటలు. ఏడో పాట అయ్యాక ఇంకో రెండు నిమిషాల టేపు మిగిలిందంటే ఆయనకి తోచేది కాదు. ఖాళీగా వదలడు, ఎనిమిదో పాట మొదలెట్టి మధ్యలో తెగ్గొట్టడు. ఆ రెండు నిమిషాల కోసం సన్నాయి ముక్కలు, వీణ ముక్కలు ఒక బిస్కెట్ డబ్బాలో విడిగా దాచుకునేవాడు. పెళ్లి టేపులో విరహం పాట రాసుకొస్తే “ఇది ఇప్పుడొద్దులెండి” అని కొట్టేసేవాడు. అందుకు గొడవపడి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

రాత్రి పదకొండింటికి తలుపు చప్పుడైతే మా అమ్మ అడిగేది కూడా కాదు. ఘంటసాల భగవద్గీత కోసం వచ్చారంటే ఎవరింట్లోనో పోయారని అర్థం. ఆ టేపుకి నాన్న డబ్బులు తీసుకోలేదు. తిరిగిచ్చినవాళ్లు కూడా తక్కువే, కాబట్టి ఆదివారాలు కూర్చుని భగవద్గీత కాపీలు చేసేవాడు.

తర్వాత ఎంపీత్రీ సీడీలు వచ్చాయి. నూటయాభై పాటలు ఒక్క సీడీలో, బస్టాండులోనే అమ్మకం. షాపు మూసేశాం.

నాన్న 2021లో పోయాడు. రెండు ట్రంకు పెట్టెలు ఇప్పుడు కూకట్‌పల్లిలో నా ఫ్లాట్‌లో, బాల్కనీ పక్కన ఉన్నాయి. లెక్కపెడితే 140 టేపులు. సీ-60లు వంద, సీ-90లు నలభై. అందులో 32 జనం ఆర్డరిచ్చి తీసుకెళ్లనివి. ఒక్కోదానికి రబ్బరు బ్యాండుతో చీటీ ఇంకా అలాగే ఉంది. అంటే, రబ్బరు బ్యాండు పెళుసుబారి పొడైపోయింది, చీటీ ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నాన్న దగ్గర సౌండ్ మిక్సరుకి ఒక మైకు కూడా తగిలించి ఉండేది. ప్రతి టేపు మొదట్లో “టెస్టింగ్… హలో… పదిహేడో తారీఖు… పాలకేంద్రం మేష్టారి టేపు, ఏ సైడు” అని లెవెల్ చూసుకునేవాడు. తర్వాత మైకు తగ్గించడం ఒక్కోసారి మరిచిపోయేవాడు. దాంతో పాటతో పాటు షాపు కూడా రికార్డయింది. ఫ్యాను, రిక్షా బెల్లు, “అన్నం చల్లారిపోతోంది” అని వెనక నుంచి మా అమ్మ.

మొదటి టేపు ఎక్కించి, ఏఐతో శబ్దం శుభ్రం చేసే యాప్‌ ఒకటి దొరికితే అందులో వేశాను. ‘సుయ్‌’మనే చప్పుడు పూర్తిగా పోయింది, నిజమే. ఫ్యాను పోయింది. మా అమ్మ గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు అయింది. నాన్న “హలో” కాస్తా “అలో” అయింది.

అడగాల్సినవి: ఆ శబ్దం ఎంతవరకు తీయొచ్చు? ఏ ప్లేయరు కొనాలి, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే యూఎస్‌బీది సరిపోతుందా? ఇంకోటి, కొన్ని టేపుల్లో పాట మొదలవడానికి ఒక్క క్షణం ముందు అదే పాట లీలగా దూరం నుంచి వినిపిస్తోంది. చిన్నప్పుడు నాన్న దాన్ని “పాట నీడ” అనేవాడు. అదేమిటి?

గుజరాతీ_గల్లి_అన్న:

తమ్మీ, ముందుగాల ఒక్క మాట చెప్పు. మీ నాయిన రికార్డు చేసిన డెక్కు ఉన్నదా, అమ్మేసిన్రా? ఉంటె గది బంగారం. కోఠిల నేను ముప్ఫై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న, నా మాట ఇను.

క్యాసెట్ డెక్కుల హెడ్డు, అంటె టేపును తాకి పాట సదివే ముక్క, టేపుకు సరిగ్గ నిలువుగ ఉండాలె. ఏ డెక్కుల చూసినా రవ్వంత వంకర ఉంటది. ఏ వంకరతోని ఎక్కించినవో గదే వంకరతోని ఆడించాలె, లేకుంటె పాటకు దుప్పటి కప్పినట్టు ఇనొస్తది. మీ నాయిన అన్నీ ఒక్క డెక్కు మీదనే చేసిండంటె నీ అదృష్టం, ఒక్కసారి కుదిరిందంటె చానా టేపులకు అదే నడుస్తది. డెక్కు లేకుంటె ఇంకో మంచి పాత డెక్కు తీస్కో. హెడ్డు పక్కన స్ప్రింగు ఏసిన చిన్న స్క్రూ ఉంటది. పాట ఆడుతుండంగ దాన్ని రవ్వంత రవ్వంత తిప్పు. తాళాల సప్పుడు యాడ సాఫుగ ఇనొస్తదో గాడ ఆపు. చవక యూఎస్‌బీ డబ్బా మాత్రం కొనకు. దాంట్ల టేపు ఒక్క తీరుగ నడవది, సన్నాయిల ఒక స్వరం లాగి పట్టుకుంటె తెలుస్తది, ఊగుతది.

పాత డెక్కు ఉంటె కరెంటు పెట్టకు. ఇరవై ఏండ్లు పక్కన పడ్డ బెల్టు కరిగి తారు లెక్క అయితది. అది ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోని తుడిచి కొత్తది ఏయాలె.

టేపు అంచుకు తెల్లగ కనబడితె బూజు. మీ గోదావరి దిక్కు తడి గాలికి తప్పకుంట ఉంటది. అసొంటివి పక్కకు పెట్టు. ఆడిస్తె బూజు హెడ్డుకు అంటి మంచి టేపులకు గూడ ఎక్కుతది.

ఇగ పాట నీడ. మీ నాయిన మంచి పేరే పెట్టిండు. టేపు చుట్ట మీద చుట్ట ఉంటది కద, గట్టిగ పాడిన కాడి అయస్కాంతం పక్క చుట్టకు అచ్చు పడ్తది. అందుకే ముందుగాల్నే ఇనొస్తది. సీ-90 టేపు పలచన, దానికి ఎక్కువ. ఆడించే ముందు ఒక్కసారి కొసదాక చుట్టి మళ్ల ఎనకకు చుట్టు, కొంత తగ్గుతది.

వేవ్_ఫైలు:

అన్నగారు చెప్పాక యంత్రం గురించి నేను చెప్పేదేమీ లేదు. ఫైళ్ల సంగతి చెబుతాను.

మొదట ఏమీ తీయకుండా ఉన్నదున్నట్టు ఎక్కించండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. రికార్డింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. స్టీరియోలో నిమిషానికి దాదాపు 17 ఎంబీ అవుతుంది. మీ వంద సీ-60లు, నలభై సీ-90లు కలిపి 160 గంటలు, అంటే 170 జీబీ కూడా కాదు. ఫ్లాక్ అనే ఫార్మాట్‌లోకి మారిస్తే సైజు ఇంకా తగ్గుతుంది, ధ్వని ఏమీ పోదు. ఆ ఫైళ్లు రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి వేరే ఊళ్లో ఉంచండి. శుభ్రం చేసే ప్రయోగాలన్నీ కాపీ మీదే. ఈ ఏడాది యాప్‌కి చేతకానిది మూడేళ్ల తర్వాత చేతనవుతుంది, అప్పటికి అసలుది ఉండాలి కదా.

“హలో” ఎందుకు “అలో” అయిందంటే, ‘హ’ అనేది వట్టి ఊపిరి. టేపు చప్పుడూ ఇంచుమించు అలాంటిదే. యాప్‌కి రెండూ ఒకటే. ‘స’, ‘శ’ కూడా అంతే, జాగ్రత్తగా వినండి. మీ అమ్మగారు వెనక నుంచి, దూరం నుంచి మాట్లాడారు కాబట్టి ఆవిడనీ చప్పుడు కిందే జమకట్టింది.

పాటలు మాత్రం యూట్యూబ్‌లో పెట్టకండి. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. మీ దగ్గరున్నవాటిలో చాలా వాటికి ఇంకా గడువు ఉండే ఉంటుంది. నాన్నగారి మాటలు ఒక్కటే కత్తిరించి పెట్టుకుంటే మిమ్మల్ని అడిగేవాళ్లు ఎవరూ లేరు.

స్క్రోల్_రాజా:

అన్నీ స్ట్రీమింగ్‌లో ఉన్నాయి కదా బ్రో, ఇంతకన్నా మంచి క్వాలిటీలో. 160 గంటలు కూర్చుని రికార్డ్ చేస్తావా? లైట్ తీస్కో.

తణుకు_టేపు:

పాటలు ఉన్నాయి బ్రో. మా అమ్మ “అన్నం చల్లారిపోతోంది” అన్నది ఏ యాప్‌లో ఉందో లింకు పెట్టు.

ఫ్రీమాంట్_అమ్మమ్మ:

బాబూ, నాదొక్కటే మాట. టేపులు పారేయకు.

1981లో నేను ఇక్కడికి, అమెరికాకి వచ్చినప్పుడు ఫోను నిమిషాల లెక్కన మాట్లాడాల్సి వచ్చేది, గడియారం చూసుకుంటూ ఏడవడం సరిపోయేది. అందుకని మా అమ్మ రేపల్లె నుంచి ఉత్తరాలకి బదులు క్యాసెట్లు పంపేది. వంటింట్లో టేప్ రికార్డర్ పెట్టుకుని పప్పు రుబ్బుతూ మాట్లాడేది. పదకొండు క్యాసెట్లు. 2015లో ఇండియా వచ్చినప్పుడు ఒక షాపులో ఇచ్చాను కంప్యూటర్‌లోకి ఎక్కించమని. “క్లీన్ చేశామండీ” అని పెన్ డ్రైవ్ ఇచ్చారు. పొత్రం చప్పుడు లేదు, కాకులు లేవు. అమ్మ ఏదో ఆఫీసులో కూర్చుని మాట్లాడినట్టుంది. టేపులేవయ్యా అంటే, అవసరం లేదనుకున్నాం అన్నారు.

నువ్వు అడిగింది ఆ చప్పుడు ఎంత తీయాలని కదా. నన్నడిగితే నీకు నాన్న మాట అర్థమవుతోందా? అవుతుంటే ముట్టుకోకు.

కోడ్_కుర్రాడు:

సర్, ఇంకో కోణం. మీ నాన్నగారి గొంతు మీ దగ్గర బోలెడంత ఉంది. వాయిస్ క్లోనింగ్‌కి కొద్ది నిమిషాలు చాలు. ఆయన గొంతుతో మీకు కావల్సింది చదివించుకోవచ్చు, మనవలకి కథలు చెప్పించొచ్చు. 2024లో రెహమాన్ కూడా చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు ఏఐతో వాడారు కదా. కావాలంటే నేను సాయం చేస్తాను, డబ్బులేమీ వద్దు.

తణుకు_టేపు:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్కొక్కరికీ విడిగా రాస్తాను, ముందు కోడ్ కుర్రాడికి.

తమ్ముడూ, నువ్వు మంచి మనసుతోనే అన్నావు. రెహమాన్ గారు ఆ కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బులిచ్చి చేశారు. అదే ఏడు ఒక తెలుగు సినిమాలో బాలు గారి గొంతు ఏఐతో పుట్టించి, తమని అడక్కుండా వాడారని ఆయన కొడుకు చరణ్ గారు నోటీసు పంపారు. అడగడం, అడక్కపోవడం అక్కడి సంగతి. మా ఇంట్లో జరిగింది ఇంకొకటి.

పోయిన ఏడాది నాన్న ఆబ్దికానికి మా బాబాయి కొడుకు ఇలాగే ఒకటి తయారుచేశాడు. వాడు బెంగళూరులో ఇదే పని చేస్తాడు. పెళ్లి వీడియోలోంచి నాన్న గొంతు తీసుకుని, ఒక నిమిషం మాట్లాడించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. గొంతు అచ్చం నాన్నదే. నేనే ఉలిక్కిపడ్డాను. గ్రూపులో అందరూ దండాలు, ఏడుపు బొమ్మలు. అమ్మకి చెవి దగ్గర పెట్టి వినిపించాం. “సుబ్బలక్ష్మీ, బాగున్నావా” అంటున్నాడు నాన్న.

అమ్మ రెండోసారి వినలేదు. ఫోను నా చేతికిచ్చి, “మీ నాన్న నన్నెప్పుడైనా పేరు పెట్టి పిలిచాడా?” అని లోపలికి వెళ్లి పప్పు పోపు వేసుకుంది.

నలభై ఏళ్లు “ఇదిగో”, “ఏవే”, ఎక్కువ ప్రేమొస్తే “ఒసేయ్”. అది పెళ్లి వీడియోలో ఉండదు కదా. వాడి తప్పేం లేదు, పాపం, రాత్రంతా కూర్చుని చేశాడు. వద్దులే తమ్ముడూ.

స్క్రోల్ రాజా, నిన్న కొంచెం కటువుగా అన్నాను, ఏమనుకోకు. అన్నా, డెక్కు ఉంది. తణుకు ఇంట్లో అటక మీద. మీరన్నట్టే బెల్టు తారు. తెస్తున్నాను, షాపు ఎక్కడో మెసేజ్ చేయండి. అమ్మమ్మ గారూ, టేపులు ఎక్కడికీ పోవు. బాల్కనీ పక్కనుంచి లోపలి గదిలోకి మార్చాను.

తణుకు_టేపు (మూడు వారాల తర్వాత):

డెక్కు బాగైంది. అన్న స్క్రూ ముట్టుకోనే లేదు, “మీ నాయిన పెట్టింది మీ నాయిన పెట్టినట్టే ఉండనీ” అన్నాడు. ఇప్పటికి 23 టేపులు ఎక్కించాను, బూజు పట్టినవి తొమ్మిది పక్కన పెట్టాను. శబ్దం ఏమీ తీయడం లేదు. రాత్రి అన్నాలయ్యాక ఒకటో రెండో టేపులు, రెండు పక్కలూ. అమ్మ తణుకు నుంచి వచ్చి ఉంది, పక్కనే కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ వింటుంది. షాపులోకి వచ్చినవాళ్ల దగ్గు విని ఎవరో చెబుతోంది. “ఈయన బియ్యం మిల్లు ఆయన. బాకీ ఎగ్గొట్టాడు.”

తీసుకెళ్లని టేపుల్లో ఒకటి నిన్న ఆడించాను. చీటీ మీద పేరు లేదు. నాన్న రాత: “ఉండ్రాజవరం, కొబ్బరి బొండాలు, ఎర్ర సైకిలు. 12-3-93. అడ్వాన్సు 20. బాకీ 8.” టేపు మొదట్లో నాన్న టెస్టింగ్ అంటుంటే పక్కన ఎవరో కుర్రాడు, “మొదటి పాట రెండుసార్లు ఎక్కించండి బాబాయ్, ఆవిడకి అదే ఇష్టం” అంటున్నాడు. రెండుసార్లు ఎక్కించాడు. మరి ఆ కుర్రాడు ఎందుకు రాలేదో.

సంక్రాంతికి ఊరెళ్తున్నాను. ఉండ్రాజవరం మాకు దగ్గరే. ఎర్ర సైకిలు గుర్తుపట్టేవాళ్లు ఉంటారా అని ఒకసారి అడిగొస్తాను. ఆ మనిషి దొరికితే ఆడించుకోవడానికి వాళ్లింట్లో టేప్ రికార్డర్ ఉంటుందా అన్నదే అనుమానం.

గుజరాతీ_గల్లి_అన్న:

పెన్ డ్రైవ్‌ల గూడ ఎక్కించి తీస్కపో. ఇంట్ల ఆయన పెండ్లాం ఉండంగ ఇయ్యకు, ముందు టేపుల చెప్పిన ఆవిడ ఎవరో కనుక్కో. ఎనిమిది రూపాల బాకీ మాత్రం ఇడ్వకు తమ్మీ. నా బెల్టు పైసలు ఇంక రాలే.