నల్లరేగడిలో ఫారం పాండ్‌కు (చేనులో నీటికుంటకు) ప్లాస్టిక్ షీట్ వేయాలా, వద్దా?

అన్నలూ, మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్ దగ్గర పల్లె. నల్లరేగడి చేను, వానాకాలం సోయా, తర్వాత మూడెకరాల్లో శనగ. బోరు చలికాలం దాటకముందే ఆగి ఆగి పోస్తోంది. అందుకే 30 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 3 మీటర్ల లోతుతో కుంట తవ్విద్దామని ఉంది. గట్ల వాలు పోను నిండితే సుమారు 22 లక్షల లీటర్లు, ఎకరానికి 50 మిల్లీమీటర్ల తడికి 2 లక్షలు కావాలి, అంటే కొంత ఆవిరైనా పూతకు ముందొకటి, కాయ ఊరేటప్పుడొకటి స్ప్రింక్లర్లతో ఇవ్వొచ్చని నా లెక్క.

టెన్షన్ అంతా కింద తగిలే మొరంతోనే, ఆ గులకమట్టిలో నీళ్లు నిలవక ఇంకిపోతాయని. 500 మైక్రాన్ (అర మిల్లీమీటరు మందం) షీట్ వేయమంటాడు షాపాయన (అమ్ముకునేవాడు ఇంకేమంటాడు!). మా బాపేమో ఇంకితే ఇంకనీ, మన బోరుకే కదా అంటాడు, అదీ కొట్టిపారేసే మాట కాదు.

బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు షీట్ లేకుండా తవ్వినవాళ్లుంటే చెప్పండి, మీకు సంక్రాంతి దాకా నీళ్లు నిలుస్తున్నాయా? మొరం మీద నల్లమట్టే పరిచి రోలర్ తొక్కిస్తే ఎండలకు పగుళ్లిచ్చి మళ్లీ మొదటికొస్తుందా? షీట్ వేసినవాళ్లు అడవిపందులు దిగి చింపకుండా చుట్టూ ఏం కట్టారు?