తొమ్మిది వారాల కుక్కపిల్లకు ఇప్పుడే శిక్షణ మొదలుపెట్టవచ్చా?

సాగరతీరం (విశాఖపట్నం)

మా ఇంటికి గత వారం ఒక కుక్కపిల్ల వచ్చింది. దేశవాళీ ఆడపిల్ల. ఒళ్లంతా నలుపు, ఛాతీ మీద మాత్రం తెల్లటి మచ్చ. మా అబ్బాయి దానికి మిరియం అని పేరు పెట్టాడు. ఇప్పుడు తొమ్మిది వారాల వయసు. మొదటి టీకా, నులిపురుగుల మందు అయ్యాయి. ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో ఉంటున్నాం. ఇంట్లో మా అత్తగారు, మావారు, నేను, ఒకటో తరగతి చదివే బాబు.

హాల్లో ఎక్కడ పడితే అక్కడ మూత్రం పోస్తోంది, ముఖ్యంగా గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్ట మీద. అత్తగారు నడుస్తుంటే చీర కుచ్చెళ్లు పట్టుకుని వదలదు. బాబు పరుగెత్తితే వెనకపడి మడమలు కొరుకుతుంది. కుక్కరు ఈల వేసిందంటే సోఫా కిందికి దూరి, పిలిచినా రాదు. రాత్రి వంటింట్లో పడుకోబెడితే ఒకటే ఏడుపు.

తలో మాట చెబుతున్నారు. ఆరు నెలలు నిండే దాకా ఏమీ నేర్పలేమని ఇక్కడి శిక్షకుడొకరు ఫోనులో చెప్పారు. టీకాలన్నీ పూర్తయ్యే వరకు గడప దాటించవద్దని పక్కింటివారు అంటున్నారు. చుట్టిన పేపరుతో ఒక్కటి వేస్తే అదే దారికొస్తుందని మా అత్తగారి మాట. నాకు మనసొప్పడం లేదు. పైగా వచ్చే నెల దీపావళి. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.


తోటపని (గుంటూరు)

మా ఇంట్లో ఎప్పుడూ కుక్కలున్నాయి. ఇంత చిన్నదాన్ని ఇప్పటి నుంచే ఇబ్బంది పెట్టకండి. కడుపునిండా పెట్టి ఆడుకోనివ్వండి. ఆరేడు నెలలు వచ్చాక మాట వింటుంది, అప్పుడు శిక్షకుడిని పిలవండి. కొరకడం పళ్లు మారాక దానంతటదే తగ్గుతుంది.


పాత హ్యాండ్లర్ (వరంగల్)

అమ్మా, ఆరు నెలలు ఆగవద్దు. నేను పోలీసు జాగిలాలతో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఈ ఒక్క విషయంలో కాస్త గట్టిగానే చెబుతాను. పైన రాసినవారు పిల్ల మీద ప్రేమతోనే రాశారు, కానీ ఆ సలహా పాటిస్తే మళ్లీ దొరకని సమయం చేజారిపోతుంది.

శిక్షణ అనగానే కూర్చో, పడుకో, చెయ్యివ్వు అనుకుంటారు. అవి మూడేళ్ల కుక్కకైనా నేర్పవచ్చు. కొత్త మనిషిని, కొత్త చప్పుడును, కొత్త నేలను చూసి బెదరకుండా ఉండటం మాత్రం ఇప్పుడే రావాలి. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు ఎదురైనవాటిని కుక్కపిల్ల సులువుగా తన లోకంలో కలుపుకుంటుంది. ఆ తరువాత కొత్తది కనబడితే ముందు అనుమానమే. మీ మిరియానికి మిగిలింది ఇంకో ఐదు వారాలు.

వాసన పట్టడంలో ఎంత చురుకైన కుక్క అయినా, రైల్వే స్టేషన్‌లో నున్నటి టైల్స్ మీద కాలు పెట్టడానికి జంకితే తనిఖీకి పనికిరాదు. అందుకే పిల్లలుగా ఉన్నప్పుడే వాటిని రేకు మీద, ఇసుకలో, ఇనుప మెట్ల మీద నడిపించేవాళ్లం. దూరంగా గొడుగు తెరిచి చూపించేవాళ్లం. మీరు ఇంట్లోనే బోర్లించిన పళ్లెం, తడి నేల, కర్రతో నడిచే పెద్దవారు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, సిలిండరు దొర్లే చప్పుడు అన్నీ రోజుకు ఒకటో రెండో పరిచయం చేయండి. ఒక్కటే షరతు, దాన్ని ఈడ్చుకెళ్లకూడదు. తనంతట తాను దగ్గరికి వెళ్లాలి, వద్దనుకుంటే వెనక్కి రాగలగాలి. ఎనిమిది నుంచి పది పదకొండు వారాల మధ్య ఒక్కసారి గట్టిగా భయపడితే అది చాలాకాలం మనసులో ఉండిపోతుంది.

ఇక కుక్కరు. దాన్ని పొయ్యి మీద పెట్టే ముందే మిరియాన్ని వంటింటికి బాగా దూరంగా ఉన్న గదిలోకి తీసుకెళ్లండి. ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని శనగగింజంత ముక్కలు చేసి గిన్నెలో ఉంచుకోండి. ఈల వినబడగానే ఒక ముక్క నోటికి అందించండి. ఈల ముందు, ముక్క తరువాత. ఈ వరుస తారుమారైతే ముక్కను చూసినా ఏదో జరగబోతోందని భయపడటం మొదలుపెడుతుంది. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, ముక్కను వాసన చూసి వదిలేసిందంటే ఆ దూరం చాలలేదని అర్థం. తలుపు వేయండి, లేదా మరో గదికి మారండి. ఈల విని సోఫా వైపు కాకుండా మీ చేతి వైపు తల తిప్పడం మొదలయ్యాక, గది గుమ్మం దగ్గరికి జరగండి. అక్కడా నిబ్బరంగా తింటే హాల్లోకి రండి. తొందరపడి నేరుగా వంటింట్లోకి తెచ్చారంటే చేసిందంతా వృథా.

మూత్రం విషయంలో పిల్ల తప్పేమీ లేదు. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలకు మించి ఆపుకోలేదు, ఆటలో ఉంటే అంతసేపు కూడా ఆగదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ఆగగానే ఎత్తుకుని బాల్కనీకి తీసుకెళ్లండి. అక్కడ వెడల్పాటి ట్రేలో మట్టి పోసి గరిక పరచండి. దాని మూత్రం తుడిచిన గుడ్డ ముక్క ఒకటి అందులో ఉంచితే చోటు త్వరగా గుర్తుపడుతుంది. పని అవుతూనే అక్కడే మెచ్చుకుని ముక్క ఇవ్వాలి. హాల్లోకి వచ్చాక ఇస్తే, హాల్లోకి వచ్చినందుకే ఇచ్చారనుకుంటుంది. గుమ్మం దగ్గరి పట్ట కొన్నాళ్లు తీసేయండి. తడిసిన చోట ఫినాయిలు పోస్తే మన ముక్కుకు వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. పైగా ఆ తడి పాదాలను నాకుతుంది. పెంపుడు జంతువుల మరకల కోసం ఎంజైమ్ ద్రావణాలు దొరుకుతాయి, అవి వాడండి.

అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. పేపరు దెబ్బ మాత్రం వద్దమ్మా. దెబ్బ తిన్న పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే: మనుషులు చూస్తుండగా పోస్తే కొడతారు. తరువాత మీరు బాల్కనీకి తీసుకెళ్లి అరగంట నిలబడినా మీ ఎదుట పోయదు. లోపలికి వచ్చి సోఫా వెనక పోస్తుంది. అప్పుడు దాన్ని మొండిదంటారు. ఇలా పాడైన కుక్కలను చూసి నాకు చాలా బాధ కలిగింది.

కుచ్చెళ్లు పట్టుకున్నప్పుడు లాక్కోవద్దని ఆవిడకు చెప్పండి. లాగితే దానికి ఆట. కదలకుండా నిలబడి, పాత తువ్వాలును జడగా అల్లి దాని ముందు నేల మీద ఆడిస్తే కుచ్చెళ్లు వదిలి దాన్ని పట్టుకుంటుంది. ఆ జడ ప్రతి గదిలో ఒకటి ఉండాలి. బాబును పరుగెత్తవద్దని కట్టడి చేయలేం కాబట్టి, వాడు పరుగెత్తే వేళకు పిల్లను చిన్న కంచెలో ఉంచండి. సాయంత్రం కొరుకుడు ఎక్కువైతే అది నిద్ర చాలకపోవడం. ఈ వయసులో రోజుకు పద్దెనిమిది గంటలకు పైగా నిద్రపోవాలి. ఇంట్లో పిల్లలుంటే ఎవరూ దాన్ని పడుకోనివ్వరు.

రాత్రి వంటింట్లో వద్దు. తల్లిని, తోబుట్టువులను వదిలి వచ్చిన పసిది అది. అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి మీ మంచం పక్కన పెట్టుకోండి, ఏడిస్తే చెయ్యి కిందికి దించండి. నిద్ర కుదిరాక పెట్టెను రోజూ కొంచెం కొంచెంగా జరపవచ్చు.

పేరు పిలిచేది మంచికే. తిట్టడానికి, మందు వేయడానికి మిరియం అని పిలవకండి. ఒక్కసారి పిలవండి, చూడగానే ముక్క ఇవ్వండి. రోజుకు నాలుగైదు సార్లు, రెండేసి నిమిషాలు చాలు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. అత్తగారు ‘కూర్చో’ అని, బాబు ‘సిట్’ అని అంటే పిల్లకు దారి తెలియదు. ‘కూర్చో’ ఉంచండి.


సాగరతీరం (విశాఖపట్నం)

ఎంతో ఓపికగా రాశారు, ధన్యవాదాలండి. అత్తగారికి మొత్తం చదివి వినిపించాను. పేపరు పక్కన పెట్టేశారు. తువ్వాలు జడ ఆవిడే అల్లారు. ఇంకో రెండు సందేహాలు. లోకాన్ని చూపించమంటున్నారు కదా, టీకాలు పూర్తి కాకుండా బయటికి తీసుకెళితే పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) రాదా? నిన్న బాబు మడమ మీద దాని పన్ను గీసుకుని కొంచెం రక్తం వచ్చింది, భయపడాలా?


పచ్చిక బయలు (అనంతపురం)

నేను పశువైద్యురాలిని. రెండో సందేహం ముందు. గీసింది పసి కుక్కపిల్లే కదా అని వదిలేయకండి. రక్తం వచ్చిన గీతను ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. నిన్న కడగకపోతే ఇప్పుడైనా కడిగి, ఈరోజే బాబును ఆసుపత్రికి తీసుకెళ్లండి. రేబిస్ టీకా అవసరమా కాదా అన్నది అక్కడి వైద్యులు నిర్ణయిస్తారు. మిరియానికి ఇంకా రేబిస్ టీకా పడలేదు, దాని తల్లి సంగతి మనకు తెలియదు. పసుపు, కారం, సున్నం పూయవద్దు. మిరియానికి పన్నెండు వారాలు నిండగానే రేబిస్ టీకా వేయించండి.

పార్వో భయం నిజమైనదే. జబ్బు పడిన కుక్క మలం నుంచి ఆ వైరస్ మట్టిలో చేరి నెలల తరబడి బతుకుతుంది. అందుకే వీధి కుక్కలు తిరిగే నేల మీద, పార్కులో, మీ మెట్ల కింద దాన్ని దించవద్దు. అలాగని ఇంట్లో బంధించనూ వద్దు. జంతువుల ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2008లోనే స్పష్టంగా చెప్పింది: మొదటి టీకా పడి కనీసం వారం గడిచిన పిల్లలను ఏడెనిమిది వారాల వయసు నుంచే శుభ్రమైన చోట ఇతర పిల్లలతో, మనుషులతో కలపవచ్చు. 1961లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో మనిషి స్పర్శ లేకుండా పద్నాలుగు వారాలు పెరిగిన కుక్కపిల్లలు ఆ తరువాత మనుషులకు మచ్చిక కావడం చాలా కష్టమైంది. భయంతో కరిచే కుక్కలను వదిలించుకోవడానికి మా దగ్గరికి తెచ్చేవారిని చూస్తాను, అందుకే ఈ మాట నొక్కి చెబుతున్నాను.

మీకు దగ్గర్లోనే రైతుబజారు ఉంది. సంచీలో, భుజాన ఎత్తుకుని గేటుకు కొంచెం దూరంగా నిలబడండి. ఆటోలు, తూకం రాళ్ల చప్పుడు, బుట్టలు మోసేవారు, గడ్డం ఉన్నవారు, పిల్లలు, అన్నీ అక్కడే కనిపిస్తాయి. పది నిమిషాలు చాలు. టీకాలు వేయించిన, నెమ్మదైన పెద్ద కుక్క తెలిసినవారింట్లో ఉంటే వారింటికి తీసుకెళ్లండి. మూడు నాలుగు వారాలకొకసారి వేయాల్సిన మిగతా టీకాలు పదహారు వారాల వరకు తప్పకుండా వేయించండి. తిండి మానేసి వాంతులు, నెత్తుటి విరేచనాలు మొదలైతే తెల్లవారే దాకా ఆగకండి.


సాగరతీరం (విశాఖపట్నం)

బాబును ఇప్పుడే తీసుకెళుతున్నామండి. చాలా మేలు చేశారు. దీపావళి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.


పాత హ్యాండ్లర్ (వరంగల్)

దీపావళికి కుక్కరు పద్ధతే అమ్మా, ఈరోజే మొదలుపెట్టండి. టపాసుల శబ్దం ఫోనులో దొరుకుతుంది. వినీ వినబడనంత తక్కువగా పెట్టి, దాని అన్నం గిన్నె ముందుంచండి. తినడం ఆపకుండా ఉంటే కొన్ని రోజులకోసారి ఒక్క గీత పెంచండి. తల ఎత్తి చెవులు నిక్కిస్తే రెండు గీతలు తగ్గించండి. ఫోను శబ్దానికి అలవాటు పడినంత మాత్రాన లక్ష్మీబాంబుకు సిద్ధమైనట్టు కాదు, కాబట్టి పండగ రాత్రి వేరే ఏర్పాటు ఉండాలి. చీకటి పడకముందే తిండి, బాల్కనీ పని ముగించండి. లోపలి గదిలో కిటికీలు మూసి, పరదాలు వేసి, ఫ్యాను, టీవీ పెట్టి, అట్టపెట్టె అక్కడే ఉంచండి. ఒకరు దాని పక్కన కూర్చోవాలి. వణికితే దగ్గరికి తీసుకోండి, దానివల్ల భయం పెరగదు. మెడపట్టీకి మీ ఫోను నంబరు రాసిన బిళ్ల ముందే తగిలించండి. తలుపు తెరిచిన క్షణంలో మెట్లు దిగి పారిపోయిన కుక్కలు పండగ మర్నాడు ప్రతి ఊరిలోనూ ఉంటాయి.