కొత్తగా వచ్చాను, ఆదివారాలు గడవట్లేదు – ఆ ఇరానీ కర్నల్ సినిమా చూడమంటారా?

కొత్త స్టూడెంట్, డాలస్:
అన్నలకూ అక్కలకూ నమస్తే. మాస్టర్స్‌కి వచ్చాను. క్లాసులున్న రోజు పరవాలేదు గానీ ఆదివారం రూమ్‌లో పిచ్చెక్కుతోంది. అమ్మ ఫోన్ చేస్తే "అంతా సూపర్" అనేస్తున్నా. సీనియర్ ఒకాయన 'హౌస్ ఆఫ్ శాండ్ అండ్ ఫాగ్' చూడరా, అది మన బతుకే అన్నాడు. చూడమంటారా?

పాత మెంబర్, శాన్ హోసే:
చూడు తమ్ముడూ, కానీ ఆదివారం రాత్రి ఒక్కడివే కూర్చుని మాత్రం వద్దు. 2003 నాటి సినిమా. చివరికి ఆ కర్నల్ ఇంట్లో భార్య, భర్త, కొడుకు ముగ్గురూ పోతారు. ముందే చెప్పేశానని తిట్టుకోకు, నీలాంటి మూడ్‌లో ఉన్నవాడికి చెప్పాల్సిందే.

మన బతుకే అన్నది సగం నిజం. ఆ కర్నల్ పేరు బెహ్రానీ, ఇరాన్ రాజు షా హయాంలో అక్కడి వైమానిక దళంలో కర్నల్. 1979 విప్లవం తర్వాత అతనికి వెనక్కి వెళ్లే దారి లేదు. నీకు కష్టమైతే టికెట్ కొనుక్కుని ఇంటికి పోవచ్చు, అతనికి ఆ ఇల్లే లేదు. గాంధీగా వేసిన బెన్ కింగ్‌స్లీయే ఈ కర్నల్. పగలు రోడ్డు పని, రాత్రి కన్వీనియన్స్ స్టోరు కౌంటరు. పని దిగాక ఒక హోటల్ బాత్రూమ్‌కి వెళ్లి మట్టి కడుక్కుని, సూటు తొడిగి, టై సర్దుకుని, ఏదో కంపెనీ డైరెక్టర్‌లా బయటికొస్తాడు. నలుగురిలో పరువు పోకూడదని, భార్యాబిడ్డలకు నామోషీ రాకూడదని ఆ తంటా అంతా. చుట్టూ మనుషులు లేక కాదు అతని ఒంటరితనం. తన రోజు ఎలా గడిచిందో ఎవరికీ చెప్పుకోలేడు, అదీ సంగతి.

నీ "అంతా సూపర్" కూడా ఆ సూటే. ఈ ఆదివారం అమ్మకి "బోర్‌గా ఉందమ్మా, వంట మాడిపోయింది" అని చెప్పు. ఆవిడ కంగారుపడితే పడనీ, మర్నాడు నీతో మామూలుగా మాట్లాడుతుంది.

ఇంకోటి. ఆ స్టోరు సీను చూసి నువ్వు కౌంటర్ జాబ్‌కి వెళ్లకు. అతనికి చట్టం అడ్డు లేదు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద నీకు సెమిస్టర్‌లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే. క్యాష్ ఇస్తారని బయటి పని చేశావంటే వీసా స్టేటస్ పోయినట్టే.

ఫ్రీమాంట్ అక్క:
అందరూ కర్నల్ గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆయన భార్య నాదీ గుర్తుండిపోయింది. ఇంగ్లీషు సరిగా రాదు, ఇల్లు దాటదు, బయట ఏం జరుగుతోందో మొగుడు చెప్పినంతే తెలుసు. వాళ్లున్న ఇల్లు తనదేనని కొట్లాడుతున్న క్యాథీ అనే పిల్ల కాలికి మేకు గుచ్చుకుంటే, ఎవరేంటని అడగకుండా ఇంట్లోకి తీసుకెళ్లి కట్టు కడుతుంది. మా అత్తగారైనా అదే చేసేది. ఆ వేషానికి షోహ్రే అగ్దాష్లూ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది, న్యాయంగా ఇచ్చేయాల్సింది.

హెచ్-4 (మొగుడి ఉద్యోగ వీసా మీద భార్యకిచ్చే వీసా) మీద వచ్చిన చెల్లెళ్లు చాలామంది నాదీలాగే ఉన్నారు. లైబ్రరీల్లో ఇంగ్లీషు క్లాసులు ఫ్రీగా ఉంటాయి, కనుక్కోండి. డ్రైవింగ్ లైసెన్స్‌కి మొగుడి వీకెండ్ కోసం ఎదురుచూడకండి.

న్యూజెర్సీ నుంచి:
అసలు గొడవ ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేదే! ఆ అమ్మాయి క్యాథీ, మొగుడు వదిలేసిన దిగులులో, కౌంటీ (మన జిల్లా ఆఫీసు లాంటిది) నుంచి వచ్చిన ఉత్తరాలు తెరవలేదు. పొరపాటున వేసిన 500 డాలర్ల బిజినెస్ ట్యాక్స్ కోసం ఇల్లు వేలానికి పోయింది, కర్నల్ చవగ్గా కొన్నాడు. మనసు బాగోలేనప్పుడు మనమూ పోస్ట్‌బాక్స్ జోలికి పోం. వారానికోసారైనా తెరువు తమ్ముడూ. రూమ్ మారితే పది రోజుల్లో కొత్త అడ్రస్ మీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పు.

ఇంకో సీనులో ఒక డెప్యూటీ షెరీఫ్ (కౌంటీ పోలీసు) ఇమిగ్రేషన్‌వాళ్లకి చెప్తానని కర్నల్‌ని బెదిరిస్తాడు. కర్నల్ అమెరికా పౌరుడే, అయినా ఇంట్లో నాదీకి వణుకు. పాస్‌పోర్ట్, ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా కాగితం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) కాపీలు ఫోన్‌లో పెట్టుకో. కాగితాలు సరిగ్గా ఉన్నాయని తెలిస్తే సగం టెన్షన్ ఉండదు.

కొత్త స్టూడెంట్, డాలస్:
థాంక్సండీ. రూమ్మేట్స్‌తో కలిసి శనివారం మధ్యాహ్నం చూస్తాం. పోస్ట్‌బాక్స్ తాళం ఎక్కడుందో వెతకాలి.

పాత మెంబర్, శాన్ హోసే:
తాళం దొరక్కపోతే లీజింగ్ ఆఫీసులో అడుగు, డబ్బు తీసుకుని కొత్తది ఇస్తారు. సినిమా అయ్యాక గానీ మరే రాత్రైనా గానీ మనసు మరీ చెడ్డగా ఉంటే 988కి (మనసు కష్టంలో ఉన్నవాళ్ల హెల్ప్‌లైన్) ఫోన్ చెయ్యి, ఏ వేళైనా పలుకుతారు. మా డాలస్ బ్యాచ్ వాళ్లకి నీ సంగతి చెప్పాను, ఆదివారం క్రికెట్‌కి ఒకడు తక్కువయ్యాడట.