రింగ్ సర్క్యూట్‌లో ఒక్కో సాకెట్ దగ్గర ఒక్కో రీడింగ్ వస్తోంది, ఎందుకు?

లెస్టర్ విద్యార్థి:
ఇంగ్లండులో ఎలక్ట్రికల్ కోర్సు చదువుతున్నాను. మధ్యాహ్నం నుంచి మా ఇంటి కింది అంతస్తు సాకెట్ల రింగ్‌తో (బోర్డులో బయలుదేరి సాకెట్లన్నీ చుట్టి మళ్ళీ బోర్డుకే వచ్చే తీగతో) కుస్తీ పడుతున్నాను, చీకటి పడినా ఏమీ తేలలేదు. ఫేజ్ తీగ రెండు కొసల మధ్య 0.44 ఓమ్‌లు, న్యూట్రల్‌కు 0.44, ఎర్త్‌కు 0.73 వచ్చాయి. ఆ తరువాత బోర్డు దగ్గర ఫేజ్, న్యూట్రల్ కొసలను కలిపి కొలిస్తే అన్ని సాకెట్ల దగ్గరా ఒకే అంకె రావాలని పుస్తకంలో ఉంది. నాకు మాత్రం వంటగదిలో 0.08, హాలులో 0.16, వెనక గదిలో 0.22, టీవీ వెనక 0.31 వస్తున్నాయి. తీగ ఎక్కడైనా తెగిందంటారా? గోడలు పగలగొట్టే ఓపిక నాకు లేదు.

మీటరు ముఖ్యం:
ఏ మీటరుతో కొలిచారో రాయకుండా అంకెలు మాత్రం రాస్తే ఎవరైనా ఏం చెప్పగలరు? మామూలు మల్టీమీటరు ఓమ్‌లు కొలిచేటప్పుడు పంపే కరెంటు చాలా స్వల్పం. ఈ పనికి కనీసం 200 మిల్లీఆంపియర్లు పంపగల లో-రెసిస్టెన్స్ మీటరు కావాలి. దాని వైర్లకు కూడా సొంత నిరోధం ఉంటుంది కాబట్టి, రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించి ముందుగా సున్నా చేసుకోవాలి. ఈ సున్నా చేయడం మరిచిపోయి ఊళ్ళో వైరింగునంతా తప్పుపట్టేవారిని ఎందరినో చూశాను.

గుంటూరు వైర్‌మ్యాన్:
మన దగ్గర ఈ గొడవే లేదండీ. తీగ బోర్డు దగ్గర బయలుదేరి చివరి సాకెట్ దగ్గర ఆగిపోతుంది, గీజరుకో ఏసీకో 16 ఆంపియర్ల సాకెట్ పెడితే దానికి వేరే తీగ లాగుతాం. రాగి దొరకని యుద్ధకాలంలో పుట్టిన పద్ధతిని వాళ్ళు ఇంకా పట్టుకుని వేలాడుతున్నారు.

పాత మేస్త్రి:
ఒకే కేబుల్‌లోని ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ కలిపారు. ఒక కేబుల్ ఫేజ్‌ను రెండో కేబుల్ న్యూట్రల్‌తో కలపండి.

లెస్టర్ విద్యార్థి:
రెండు కేబుళ్ళ బూడిదరంగు తొడుగునూ బోర్డు బయటే కోసేశారు. లోపల రెండు గోధుమరంగు తీగలు, రెండు నీలం తీగలు విడివిడిగా ఉన్నాయి. ఏది దేనికి జతో ఎలా తెలుస్తుంది?

పాత మేస్త్రి:
నీలం తీగలు తారుమారు చేసి చూడండి.

ఎదురు కొస:
మేస్త్రిగారు చెప్పింది సరైనదే, కారణం కూడా తెలిస్తే మంచిది. ఒకే కేబుల్ కొసలను కలిపితే బోర్డుకు దగ్గరగా ఉన్న సాకెట్ నుంచి కొలిచే దారి పొట్టిదవుతుంది కనుక రీడింగు తక్కువగా, రింగ్ మధ్యకు పోయేకొద్దీ ఎక్కువగా వస్తుంది, మీ 0.08 నుంచి 0.22 వరకు వచ్చిన వరుస సరిగ్గా అదే. ఎదురు కొసలను కలిపితే ఎక్కడ కొలిచినా ఒకవైపు తగ్గినంత రెండో వైపు పెరుగుతుంది కాబట్టి ఫేజ్, న్యూట్రల్ నిరోధాల మొత్తంలో నాలుగో వంతు, అంటే 0.88లో నాలుగో వంతు 0.22, ప్రతిచోటా రావాలి. మొదట కొసల మధ్య తీసిన కొలతలు తీగ తెగలేదని మాత్రమే చెప్తాయి; రింగ్ మధ్యలో ఎవరైనా అడ్డంగా ఇంకో తీగ కలిపి ఉంటే అది ఈ రెండో పరీక్షలోనే బయటపడుతుంది. గుంటూరువారు రాగి కొరత గురించి అన్నది నిజమే కానీ, అక్కడ ప్రతి ప్లగ్‌లోనూ 13 ఆంపియర్ల వరకు ఫ్యూజ్ ఉంటుంది, కరెంటును రింగ్ రెండు వైపులా పంచుకుంటుంది కాబట్టే 32 ఆంపియర్ల బ్రేకర్ కింద 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ నడుస్తోంది. ఆ రింగ్ ఎక్కడైనా తెగితే సాకెట్లన్నీ మామూలుగానే పనిచేస్తాయి, తీగ మాత్రం వేడెక్కవచ్చు. ఈ లూప్ నిరోధం పరీక్ష అందుకోసమే.

మీటరు ముఖ్యం:
దీన్ని లూప్ నిరోధం అనకండి. లూప్ ఇంపెడెన్స్ అంటే కరెంటు ఉండగా ఎర్త్ దారిని కొలవడం. ఇది కరెంటు తీసేసి, లేదని నిర్ధారించుకున్నాక చేసే కంటిన్యూటీ (తీగ తెగకుండా ఉందో లేదో చూసే) పరీక్ష. కాగితం మీద చిన్న అక్షరంతో రాసే ఆర్1 (r1) ఫేజ్ తీగ మొత్తం రింగ్ కొలత, పెద్ద అక్షరంతో రాసే ఆర్1 (R1) అదే ఫేజ్‌ను ఎర్త్ తీగతో కలిపి సాకెట్ దగ్గర తీసే కొలత. ఈ రెండూ కలగాపులగం చేస్తే పరీక్షకుడు కాగితం వెనక్కి తిప్పి పంపుతాడు.

ఎదురు కొస:
పదం పొరపాటును ఒప్పుకుంటాను. లెక్క మాత్రం మారదు.

లెస్టర్ విద్యార్థి:
నీలం తీగలు మార్చాను. అన్నిచోట్లా 0.22. టీవీ వెనక మాత్రం 0.35. ధన్యవాదాలు.

ఎదురు కొస:
ఆ సాకెట్ విప్పి చూడండి. ఒకే కేబుల్ ఉంటే అది రింగ్ నుంచి చీలిన స్పర్, అంటే కొమ్మ తీగ. రాగి 2.5 తీగ మీటరుకు 7.41 మిల్లీఓమ్‌లు కాబట్టి, అదనంగా వచ్చిన 0.13 అంటే, ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిసిన లెక్కన, దాదాపు 9 మీటర్ల కేబుల్. ఎర్త్ తీగ 1.5 అని మీ 0.73 చెబుతోంది కనుక, ఫేజ్‌నూ ఎర్త్‌నూ అదే విధంగా ఎదురు కొసలు కలిపి కొలిస్తే రింగ్ సాకెట్లలో 0.27 నుంచి 0.29 వరకు, ఈ సాకెట్‌లో 0.46 దగ్గర రావాలి. నమోదు చేయాల్సింది ఆ పెద్ద అంకెనే.

మీటరు ముఖ్యం:
మీటరు ఏదో ఇంతవరకు చెప్పనేలేదు.