క్యూ ప్యాలెస్‌కి ఎర్ర సున్నం: ఇటుకని దాచేశారా, కాపాడారా? (పాతగోడ, సున్నంపని, తాపీపెట్టె అనే పేర్లతో ముగ్గురి చర్చ)

పాతగోడ: లండన్ క్యూ గార్డెన్స్‌లోని క్యూ ప్యాలెస్‌ని 2006లో మళ్లీ తెరిచారు. ఆ మరమ్మతుల్లో ఇటుక గోడలకి జాజు కలిపిన సున్నం పూశారు. 1631లో శామ్యూల్ ఫోర్ట్రీ అనే వ్యాపారి కట్టించిన ఇల్లది. వరసలో ఒక ఇటుక పొడవు, పక్కదాని తల కనిపించేలా పేర్చిన ఫ్లెమిష్ బాండ్ పని. అంత పనితనం మీద పూతెందుకు?

సున్నంపని: ఆ రంగు సొంత తెలివి కాదండీ, గోడ మీద మిగిలిన పాత పూత ఆనవాళ్లు చూసే వేశారు. బట్టీలో ఇటుకలన్నీ ఒకే రంగులో కాలవు కదా. ఆ కాలంలో ఎరుపు పూసి రంగు కలిపేయడం, దర్జుల మీద, అంటే ఇటుకల మధ్య సందుల మీద, సన్నగా తెల్లగీత గీయడం ఇంగ్లండ్‌లో మామూలే.

పాతగోడ: మరి కిటికీల సంగతేంటి? 18వ శతాబ్దంలో పాతవి తీసి, పైకీ కిందకీ జరిగే సాష్ కిటికీలు పెట్టారు. గోడ ఫోర్ట్రీది, కిటికీ ఆ తర్వాతి జార్జి రాజుల కాలానిది. ఈ రెండూ కలిపి చూపించే ఇల్లు ఏ ఏటిది?

సున్నంపని: సాష్‌లు పీకేస్తే 1818లో మూడో జార్జి భార్య షార్లెట్ రాణి కన్నుమూసిన ఇల్లే మిగలదు. పూతంటారా, వద్దనుకుంటే తీసేయొచ్చు.

తాపీపెట్టె: "తీసేయొచ్చు" అన్నది మాటవరసకే. సున్నం ఇటుక రంధ్రాల్లోకి దిగుతుంది. ఇసుక కొట్టి గీకితే గట్టిగా కాలిన పైపొర పోయి, లోపలి మెత్తటి మట్టి వానకి దొరికిపోతుంది.

అసలు గొడవ పూసే తీరులో ఉంది. పాలలా పల్చగా నాలుగైదు పూతలు, పూతకీ పూతకీ ఒక రోజు. ముందు గోడ తడపకపోతే ఇటుక నీళ్లు లాగేసి సున్నం పొడిలా చేతికంటుతుంది. తడి మీద ఏమీ కప్పినట్టుండదు, ఆరితేగానీ తేలదు. ఆ తొందరలో చిక్కగా పూశారా, పెచ్చులే. 5 డిగ్రీల లోపు చలిలో అసలు ముట్టుకోకూడదు.

క్యూ సంగతని కాదుగానీ, ఇలాంటి ఇళ్లలో దర్జులు సిమెంటుతో నింపి ఉంటే పూత వాటి మీద నిలవదు. తేమ దర్జులోంచి రాలేక ఇటుకలోంచే వస్తుంది, గడ్డకడితే ఇటుక ముఖమే ఊడుతుంది. ముందు ఆ సిమెంటు ఉలితో తీయాలి, దర్జు వెడల్పుకి రెండింతల లోతు. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు పోతాయి.

పాతగోడ: ఇది ఒప్పుకుంటా. కిటికీల మాట మాత్రం వదలను.

తాపీపెట్టె: వదలొద్దు. ఎలాగూ పూత ముందు పోయేది కిటికీ గట్టు కిందే, నీళ్లు కారే చోట. ఏటా చూడాల్సింది అదే.